దప్పిక మానేసిన ఊరు

సారా మానేసినవాళ్ళుంటారు, బీడీ మానేసినవాళ్ళుంటారు. మా ఊరు దప్పిక మానేసింది. నవ్వితే నవ్వండి. నేను ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినదాన్ని, ఊరికే కథలు చెప్పను.

మాది బొల్లనగుడ్డం. అనంతపురం జిల్లా కొసన, కర్ణాటక గట్టు మీద ఉంటుంది. నది ఎండిపోయి, దాని ఇసుక గాలికి లేచి పొలాల మీద దిబ్బలు దిబ్బలుగా కూర్చున్న చోటు అది. వేరుశనగ వేసిన చేనును మరుసటి ఏడు వెతుక్కోవాల్సి వచ్చేది. బోర్లు ఎప్పుడో ఎండిపోయాయి. ట్యాంకర్ వస్తే నీళ్ళు, లేకపోతే లేవు. ట్యాంకర్ నడిపేది మా ఆయన గాదిలింగే కాబట్టి బిందెలతో కొట్టుకునే ఆడవాళ్ళందరి తిట్లలో నాకూ వంతొచ్చేది.

ఆ ఇసుకలోనే సావనాకు మొలుస్తుంది. పేరులోనే ఉంది చూడండి, చావని ఆకు. వాన లేనన్నాళ్ళూ ముడుచుకుని గోధుమరంగు ఉండలా గాలికి దొర్లుతూ ఉంటుంది. చచ్చిందనుకుంటాం. చినుకు పడితే చాలు, మనం చూస్తుండగానే విప్పుకుని పచ్చబడుతుంది. దాని రహస్యం పట్టుకున్నది నారపరెడ్డి సార్. అనంతపురం మనిషి, వృక్ష రసాయనశాస్త్రంలో పెద్ద చదువు చదివినవాడు. ఊరి చివర మూతపడిన పట్టుపురుగుల షెడ్డును ల్యాబు చేసుకున్నాడు. ఆ ఆకుతో ఆయన చేసిన పొడి ఊరికి అలవాటయ్యాక నేను ఆ ల్యాబులో ఉద్యోగానికి చేరాను.

ఆకులో ముఖ్యమైన పదార్థాలు రెండు. ఒకటి తియ్యనిది. అది చెట్టులోని ప్రతి కణానికీ "నీళ్ళు లేవు, పొదుపుగా ఉండు" అని చెబుతుంది. మనిషి ఒంట్లోకి వెళ్ళినా అదే మాట చెబుతుంది. చెమట తగ్గుతుంది, మూత్రం తగ్గుతుంది, గొంతు ఎండదు. రెండోది చేదు. నాలుక మీద పెడితే పూటంతా పోదు. ఎవరు తింటారు దాన్ని? సార్ చేదును వేరుచేసి డ్రమ్ముల్లో పారబోయించి, తియ్యనిదాన్ని పుట్నాలపప్పు, వెల్లుల్లితో కలిపి కారప్పొడిలా చేశాడు. జొన్నరొట్టె మీద చెంచాడు చల్లుకుని తింటే సాయంత్రం దాకా నీళ్ళ మాటే గుర్తురాదు. పాత కరువుల్లో పెద్దవాళ్ళు నమిలిన ఆకే కదా, మందు కాదు ఆహారం అని సర్కారు కూడా ఒప్పుకుంది. చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిన్నాయి. బిందెల కొట్లాట ఆగిపోయింది. ఆగాక ఏమైందనుకున్నారు? రోజు విడిచి రోజైనా వచ్చే ట్యాంకర్ వారానికొకటైంది. తాగనివాళ్ళకు నీళ్ళెందుకని అధికారుల లెక్క.

పొడికి ఒకే ఒక్క నియమం ఉండేది. ఆడవాళ్ళు స్నానానికి ముందే తినాలి, స్నానం చేశాక తినకూడదు. ఇది క్యాంపు అవ్వ చెప్పిందట. తుంగభద్ర కాలువ తవ్విన రోజుల్లో గుంటూరు, పల్నాడు వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ళ ఊళ్ళను మేం క్యాంపులంటాం. అక్కడి ముసలామె తిరపతమ్మ. ఆకు తిని పాత కరువు దాటినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. సార్ వెళ్ళి ఆమెను అడిగి వచ్చాడు. స్నానానికీ ఆకుకూ సంబంధమేమిటని నేనోసారి అడిగితే చర్మం చల్లబడితే రంధ్రాలు మూసుకుంటాయని, రసాయనం లోపలే నిలుస్తుందని పెద్ద పాఠం చెప్పాడు. దాని మీద ఒక సదస్సులో మాట్లాడి శాలువా కూడా కప్పించుకున్నాడు.

ఆ నియమాన్ని మా అత్త హనుమక్క కంటే నిష్ఠగా పాటించినవాళ్ళు లేరు. తెల్లారితే చాలు, చెంచా పట్టుకుని నా వెంట, మా తోడికోడలు రుద్రమ్మ వెంట పడేది.

"ఏమ్మే గంగరత్నా, నీళ్ళు పోసుకున్యావా?"

"ఇంగా లేదత్తా."

"అట్లయితే తిను, తిను. పోసుకున్నాక తింటే ఒంటికి పడదంట."

నీళ్ళు పోసుకోవడమంటే మాకు స్నానమే. ఆ స్నానం కూడా చెంబెడు నీళ్ళతో ఒళ్ళు తుడుచుకోవడమే అనుకోండి.

ఆ ఏడే నేనూ రుద్రమ్మా ఇంచుమించు ఒక్కసారే కడుపుతో అయ్యాం. రుద్రమ్మ మా మరిది పెళ్ళాం. మరిది బళ్ళారిలో పనిచేస్తాడు. చానా ఏళ్ళు పిల్లల్లేక అది ఎక్కని గుడి మెట్లు లేవు. నా సంగతీ అంతే గానీ నేను మెట్లెక్కే రకం కాదు, లోపల లోపల ఏడ్చే రకం. ఇంట్లో ఒకేసారి రెండు ఉయ్యాలలని మా అత్త వీధి వీధికీ చెప్పుకుంది. పొడి మాత్రం మాన్పించలేదు. మానితే తాగడానికి నీళ్ళేవి? పైగా తిండే కదా అది.

మూడో నెల దాకా బాగానే ఉంది. ఆ తర్వాత కడుపు పెరగడం ఆగిపోయింది. నాదీ ఆగింది, రుద్రమ్మదీ ఆగింది. తొలిచూలు కడుపు కనపడదులే అంది మా అత్త. సరేననుకున్నాను. ల్యాబులో పొడి పెట్టి పెంచుతున్న ఆడెలుకలు ఈనడం మానేసినప్పుడు మాత్రం నాకు గుండెల్లో రాయి పడింది. పొట్టలతో తిరుగుతున్నాయి, నెలలైనా ఈనవు. సార్‌తో చెబితే "ఎండకమ్మా" అన్నాడు. ఆయనకు ఏదైనా ఎండకే.

ఇక ఆగలేక టౌనుకు వెళ్ళి స్కానింగ్ చేయించుకున్నాను. గాదిలింగ బయట కూర్చున్నాడు. డాక్టరమ్మ తెర వంక చానాసేపు చూసింది. యంత్రాన్ని పొట్ట మీద అటు జరిపింది, ఇటు జరిపింది.

"ఆరో నెలంటున్నారు. బిడ్డ మూడో నెల సైజులోనే ఉందే?"

"గుండె ఉండాదా మేడం?"

"ఉంది. కానీ..." ఆమె నా చెయ్యి పట్టుకుని తెర వైపు చూపించింది. మినుకుమన్న చుక్క ఆగిపోయింది. నేను ఊపిరి బిగబట్టి చూశాను. మళ్ళీ ఎప్పటికో ఒక్కసారి మినుకుమంది. "ఇంత నెమ్మదిగా కొట్టుకునే గుండెను నేనెప్పుడూ చూడలేదమ్మా. మీ ఒంట్లో నీళ్ళు కూడా బాగా తక్కువగా ఉన్నాయి. సోమవారం వచ్చి చేరండి. సెలైన్ ఎక్కించి, తర్వాత తీసేద్దాం."

"తీసేద్దామంటే?"

"అది బతకదమ్మా," అంది. మంచి మనిషే, ఆ మాట కష్టంగానే అంది.

ఏడవాలనుకున్నాను. కన్నీళ్ళు రాలేదు. పొడి తినేవాళ్ళకు అవి కూడా తక్కువే. బయటికి వచ్చి గాదిలింగ భుజం మీద తల పెట్టుకుని పొడి కళ్ళతో కూర్చున్నాను. నా మనసులో ఒకటే తిరుగుతోంది. ఎలుకలూ, నేనూ, రుద్రమ్మా. అందరం తింటున్నది ఒకటే, ఆ పొడి.

"బండి క్యాంపుకు పోనీ," అన్నాను.

"క్యాంపుకా? ఎందుకు మే?"

"ఆ ముసలామెను అడగల్ల. ఆకు గురించి ఆమెకు తెలిసినంతా అడగల్ల."

తిరపతమ్మ వేపచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని కోడలిని తిడుతోంది. అరవై ఏళ్ళుగా మా జిల్లాలో ఉన్నా ఆమె మాట మాత్రం పల్నాడు దాటి రాలేదు. నేను మంచం పక్కకు వెళ్ళగానే తిట్లాపి నన్ను పైనుంచి కిందికి చూసింది. నా చెయ్యి పొట్ట మీదే ఉంది, నాకు తెలియకుండానే.

"ఏమ్మాయ్, నీళ్ళోసుకున్నావా?"

ఈమె కూడా మా అత్తలాగే ఉందే అనుకున్నాను. "ఆఁ, పోసుకొనే వచ్చినానవ్వా. పొద్దున్నే."

"పొద్దున్నేంది? ఎన్నో నెలే?"

"నెలేంది అవ్వా? దినమూ పోసుకుంటాం కదా, చెంబెడైనా."

ముసల్ది బుగ్గలు నొక్కుకుంది. "రోజూ నీళ్ళోసుకుంటదంట! ఇంటున్నావా అబ్బాయ్ నీ పెళ్ళాం మాటలు? సిగ్గులేకపోతే సరి!"

గాదిలింగ అర్థం కాక నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది. ఆమెకు మాత్రం కోపం వచ్చింది.

"నీళ్ళోసుకోవటమంటే కడుపుతో ఉండటమే, మొద్దుమొహమా! నెల తప్పటం. మీ వైపోళ్ళకు స్నానం తప్ప ఇంకో ఆలోచనే లేదా ఏంది?"

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. మంచం పట్టె పట్టుకున్నాను.

"అవ్వా, మా సార్ వచ్చినప్పుడు నువ్వు ఏం చెప్పినావు?"

"ఏం చెబుతా? నీళ్ళోసుకున్న ఆడోళ్ళు ఆ ఆకు జోలికి పోబాకండని చెప్పా. ఒకటికి రెండుసార్లు చెప్పా. తలకాయ ఊపి రాసుకున్నాడు గదా ఆ పెద్దమనిషి!"

తలకాయ ఊపి రాసుకున్నాడు. రాసుకుని స్నానం అని అచ్చు వేయించి ఊరూరా పంచాడు. కడుపుతో ఉన్నవాళ్ళు తినకూడదని చెప్పిన మాట, స్నానానికి ముందు తినండని మా అత్త చేతిలో చెంచా అయింది. నాకు ఒళ్ళంతా మండిపోయింది.

"తింటే ఏమైతాది అవ్వా?"

ముసలామె నా పొట్ట వంక చూసి గొంతు తగ్గించింది. "మా తోడికోడలు సుబ్బులు తిన్నది, ఆ కరువులో. ఏడాది తిరిగినా కడుపు అట్టాగే ఉంది. ఏదో గాలి సోకిందన్నారు. చివరికి మంత్రసాని వచ్చి, కడుపెండిందని కుండెడు నీళ్ళు తాగించింది. దానికి దాహమే లేదు, వద్దు వద్దంటానే తాగింది. తెల్లారేతలికి బిడ్డా పోయింది, తల్లీ పోయింది."

"మరి ఏం చేస్తే బతుకుతారు?"

"నాకేం తెలుసే తల్లీ? తెలిస్తే సుబ్బులికి చెయ్యనా?" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

నేను ల్యాబుకు వెళ్ళేసరికి నారపరెడ్డి సార్ మధ్యాహ్నం డబ్బా విప్పుకుని తింటున్నాడు. నిలబడే చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా. ఆయన చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది.

"నీళ్ళు పోసుకున్నోళ్ళంటే... స్నానం కాదా?"

"కాదు సార్. మీకు శాలువా కప్పినారే, ఆ స్నానం కాదు."

ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. అన్నాను. ఆయన డబ్బా పక్కన పెట్టి చేతులు కడుక్కోకుండానే కూర్చున్నాడు.

"పొడి ఆపేయల్ల సార్. ఇప్పుడే."

"ఆపితే? ఎల్లుండికి అన్ని ఊళ్ళకూ దప్పిక లేస్తాది. ఒకేసారి. వారానికొక ట్యాంకరు వచ్చే చోట నీళ్ళు యాడినుంచి తెస్తావమ్మా? ముసిలోళ్ళు, పసిపిల్లోళ్ళు... ఎంతమంది పోతారో ఆలోచించినావా?"

"కడుపుతో ఉండేవాళ్ళకన్నా చెప్పల్ల కదా!"

"వాళ్ళకు చెప్తే అందరికీ తెలుస్తాది. భయపడి అందరూ మానేస్తారు."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. "పుట్టాల్సిన బిడ్డల్ని నిద్రపుచ్చి ఊరికి నీళ్ళు మిగిల్చినాం సార్ మనం. ఇంగ ఎన్నాళ్ళు మిగిలిస్తారు?" అని అరిచాను. ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. చివరికి లేచి, బయట డ్రమ్ముల వైపు నడిచాడు.

"ఆకు మళ్ళీ లేస్తాది కదా, వాన పడితే," అన్నాడు తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు. "తియ్యనిది నిద్రపుచ్చుతాది. మామూలోళ్ళకు పొడి మానితే అది దిగిపోతాది గానీ, కడుపులో చేరింది దిగేట్టు లేదు. మరి లేపేది ఏది? మనం పారబోసింది."

నేనూ అదే ఆలోచిస్తున్నాను. చేదు.

పొట్టలతో ఈనకుండా తిరుగుతున్న ఎలుకలు మూడు ఉన్నాయి. సోమవారం లోపల మాకు దొరికిన అవకాశాలు కూడా ఆ మూడే. మొదటిదానికి చుక్కల గొట్టంతో నీళ్ళు మాత్రమే పట్టాం, ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించినట్టు. పూట గడవకముందే పక్కకు ఒరిగి చచ్చిపోయింది. కోసి చూస్తే లోపలి పిల్లలు నీటికి ఉబ్బి పగిలి ఉన్నాయి. నిద్రపోతున్న కణం వద్దని చెప్పలేదు, పోసినన్ని నీళ్ళు తాగేస్తుంది. డాక్టరమ్మ సోమవారం నాకు చేయబోయింది అదే. నేను బయటికి వెళ్ళి గోడకు ఆనుకుని నిలబడ్డాను.

రెండోదానికి చేదు రసం పోసి, వెంటనే నీళ్ళు పట్టాం. అదీ పోయింది, కాకపోతే కొంచెం ఆలస్యంగా.

మూడోదానికి చేదు పోసి వదిలేశాం. నీళ్ళ సీసా బోనులోనే వేలాడుతోంది. అది దాని వంక కూడా చూడలేదు. పొట్టు మీద ముడుచుకుని పడుకుంది. సార్ ఒకసారి గొట్టం అందుకోబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. "వద్దు సార్. దానికి కావాలంటే అదే తాగుతుంది." మరునాడు పొద్దున ఆ ఎలుక ఉన్నట్టుండి లేచి సీసా దగ్గరికి పరుగెత్తి, రెండు కాళ్ళ మీద నిలబడి తాగింది. తాగుతూనే ఉంది. ఆ తర్వాతి రోజు బోనులో గులాబీ రంగు పిల్లలు కదులుతున్నాయి. నేను లెక్కపెట్టలేదు. ఒక్కటి కదిలితే చాలనుకున్నాను, అన్నీ కదిలాయి.

కాబట్టి సంగతి ఇది. చేదు పడాలి. ఒళ్ళు మేలుకుని తనంతట తాను నీళ్ళడగాలి. అప్పుడే తాగాలి. ముందు తాగితే బిడ్డ ఉబ్బి చస్తుంది. దప్పిక పుట్టాక తాగకపోతే ఎండి చస్తుంది. ఇదంతా ఎలుకలో సరిపోయింది. మనిషిలో సరిపోతుందో లేదో చెప్పేవాళ్ళు భూమ్మీద లేరు.

నేను ఆసుపత్రికి వెళ్ళలేదు. సార్ కట్టుబట్టలతోనే కలెక్టరాఫీసుకు బయలుదేరాడు, జరిగినదంతా తన తప్పేనని ఒప్పుకుని ట్యాంకర్లు అడగడానికి. నేను గాదిలింగ ఖాళీ ట్యాంకరెక్కి, ఎన్నికలప్పటి మైకు కట్టించుకుని ఊళ్ళ మీద పడ్డాను. ఈసారి ఏ మాటా వదల్లేదు. "కడుపుతో ఉన్నోళ్ళు! నెల తప్పినోళ్ళు! గర్భిణీలు! నీళ్ళు పోసుకున్నోళ్ళు, అంటే స్నానం కాదమ్మా, బిడ్డను మోస్తాండేవాళ్ళు! ఒట్టి మనిషి కానోళ్ళు ఎవరైనా సరే, పొడి ముట్టద్దండి! ఆసుపత్రికి పోయినా సెలైన్ పెట్టించుకోవద్దండి! మా కబురు వచ్చేదాకా బలవంతంగా నీళ్ళు తాగద్దండి!" ఒకచోట ఒక ముసలాయన ట్యాంకరు తట్టి, "అందరూ పొడి మానేస్తే నీళ్ళు నువ్వు పోస్తావామ్మా?" అని అడిగాడు. నేను మైకు మళ్ళీ అందుకున్నాను. తలుపుల వెనక నుంచి ఆడవాళ్ళు ఒక్కొక్కరే బయటికి వచ్చారు, పెరగని పొట్టల మీద చేతులు పెట్టుకుని. చేదు రసాన్ని ముందు నా మీద చూసి, ఆ తర్వాతే మీకిస్తానని వాళ్ళకు మాటిచ్చాను.

ఇంటికి వచ్చి చెబితే మా అత్త గోడకు తల బాదుకుంది. "నా చేత్తోనే పెట్టినానే! నా చేత్తోనే చెంచాతో పెట్టినానే!" ఆమెను పట్టుకోవడం నాకూ రుద్రమ్మకూ వల్లకాలేదు.

"చేదు నేను ముందు తాగుతా," అన్నాను. "ఏం జరుగుతాదో చూసి రుద్రమ్మ తాగుతాది."

"నేనెందుకు ఆగల్ల?" అంది రుద్రమ్మ. మామూలుగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. "నువ్వు ఏమన్నా అయితే నాకు చూపిచ్చే దిక్కెవరు? నీతోనే తాగుతా."

ఇద్దరం కలిసే తాగాం, గుక్క తిప్పుకోకుండా. వేపరసం దాని ముందు పానకం. మా అత్త నీళ్ళ కడవను నట్టింట్లో పెట్టుకుని దాని పక్కనే కాపలా కూర్చుంది. ఆరోగ్య ఉపకేంద్రం నుంచి వచ్చిన సిస్టరు, పొట్ట మీద పెడితే బిడ్డ గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం పట్టుకుని గుమ్మంలో కూర్చుంది. ఆమెకు ఇదంతా ఇష్టం లేదు. "సెలైన్ లేకుండా ఈ ఎండలో ఇద్దరు గర్భిణీలను కూర్చోబెట్టినానని తెలిస్తే నా ఉద్యోగం పోతాది," అని అప్పుడప్పుడూ గుర్తు చేస్తూనే ఉంది.

ఆ పూటంతా ఏమీ కాలేదు. నోరు చేదు తప్ప ఇంకేం లేదు. బిడ్డ గుండె అలాగే ఎప్పుడో ఒకసారి టక్కుమంటోంది. కడవ వంక చూస్తే నాకు అది కడవలాగే కనిపిస్తోంది. నాకు భయం వేసింది. చచ్చేంత భయం వేసింది. దప్పిక ఎలా ఉండేదో నాకు గుర్తు లేదని అప్పుడు తెలిసింది. వచ్చినా గుర్తుపట్టగలనా?

గుర్తుపట్టాను. మరునాడు మధ్యాహ్నం, మా అత్తతో ఏదో మాట్లాడుతుంటే నాలుక అంగిట్లో అతుక్కుని మాట బయటికి రాలేదు. గొంతులో ఎవరో ఇసుక పోసినట్టయింది. ఆ తర్వాత అది గొంతులో ఆగలేదు, ఛాతీలోకి, కడుపులోకి దిగింది. ఒళ్ళంతా ఒకటే కేక. నేను లేవలేదు, కడవ దగ్గరికి పాక్కుంటూ వెళ్ళాను. మా అత్త చెంబు ముంచి నోటికందించింది. ఆ నీళ్ళ రుచి నేను చెప్పలేను. చెప్పే మాటలు నాకు రావు.

సిస్టరు యంత్రం పెట్టింది. గరగరమంది. ఏమీ లేదు. ఇంకోచోట పెట్టింది. టక్. మా అత్త ఊపిరి కూడా తీయడం లేదు. టక్... టక్. మళ్ళీ ఆగింది. ఇక అయిపోయిందనుకున్నాను. ఒక్కసారిగా టకటకటకమని గుర్రం పరుగెత్తినట్టు మొదలైంది, ఆగలేదు. సిస్టరు "అమ్మయ్యా!" అని యంత్రాన్ని కింద పడేసినంత పని చేసింది. మా అత్త నన్ను కావలించుకుని భోరుమంది. నాకు కళ్ళు తడిశాయి, ఎన్నాళ్ళకో.

అప్పుడు చూశాను రుద్రమ్మను. గోడకు ఆనుకుని, మోకాళ్ళు దగ్గరికి లాక్కుని, మమ్మల్నే చూస్తోంది.

"నాకూ అయిందక్కా," అంది. "ఈయి నీళ్ళు."

మా అత్త సంతోషంతో చెంబు ముంచింది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

"ఎట్లుంది చెప్పు రుద్రా."

"ఎట్లుందంటే... అదే. నీకు అయినట్లనే."

"నాకు ఎట్లయిందో నేను చెప్పలేదు కదా."

దాని కళ్ళు కిందికి దిగిపోయాయి. "గొంతు ఎండినట్ల ఉండాది," అంది మెల్లగా. ఎవరైనా చెప్పగలిగిన మాట అది. నా బిడ్డ గుండె విని దానికి ఆగలేకపోతోంది, అంతే. ఈ లోకంలో దేన్నైనా యంత్రం పెట్టి కొలవొచ్చు గానీ ఇంకొకరి దప్పికను కొలిచే యంత్రం నా ల్యాబులో లేదు.

"అబద్ధం," అన్నాను.

"అయితే నువ్వే చెప్పు, ఎట్లుంటాదో! నాకు గుర్తు లేదు. చెప్తే కదా తెలిసేది!"

"చెప్పను. చెప్తే నీకు అట్లనే ఉన్నట్లు అనిపిస్తాది."

"నీ బిడ్డ లేసింది కదా, ఏమైనా మాట్లాడతావు!" అని అరిచింది. ఆ మాట నాకు సూటిగా తగిలింది. తగలనీ అనుకుని కడవకు అడ్డంగా కూర్చున్నాను.

పొద్దు వాలింది. సిస్టరు దాని పొట్ట మీద యంత్రం పెట్టిన ప్రతిసారీ ఆ ఒక్క టక్ మరీ ఆలస్యంగా వస్తోంది. "ఇంక నేను ఆగను, జీపు పిలుస్తా, టౌనుకు తీసుకుపోయి సెలైన్ పెట్టిస్తా," అంది సిస్టరు. మా అత్త నా వంక, దాని వంక, కడవ వంక చూసింది. "ఏం చేద్దామే గంగా? నువ్వు చదువుకున్నదానివి, చెప్పవే," అంది. నాకు తెలిసింది ఒక్క ఎలుకా, ఒక్క నేనూ. ఆ రెండింటిని నమ్ముకుని ఇంకొకరి బిడ్డను ఆపుతున్నాను. అయినా ఆపాను. "కాసేపు," అన్నాను. "ఇంకా కాసేపు."

రుద్రమ్మ లేచి వచ్చింది. నా ఎదురుగా నిలబడి తిట్టడం మొదలుపెట్టింది. పెళ్ళై వచ్చిన నాటి నుంచి నా మీద దాచుకున్నవన్నీ తిట్టింది. నా చదువును తిట్టింది, సార్‌ను తిట్టింది, బళ్ళారిలో ఉన్న మొగుణ్ణి తిట్టింది. తిడుతూ తిడుతూ కళ్ళు తిరిగి కడవ మీదికి తూలింది. పడకుండా రెండు చేతులతో దాన్ని కావలించుకుంది. మట్టి కడవ కదా, బయటంతా చెమ్మగా, చల్లగా ఉంది. దాని చెంప ఆ చెమ్మకు తగిలింది.

"నీకేం, నీకు అంతా..." అంటున్నది మధ్యలోనే ఆగిపోయింది. మొహం తిప్పి ఆ కడవను నాకింది. ఇంకోసారి నాకింది. తను ఏం చేస్తోందో దానికి తెలియదు. కళ్ళు మూసుకుని, దూడ గోడను నాకినట్టు, మట్టితో సహా ఆ తడినంతా నాకుతోంది.

నేను అడ్డం తప్పుకుని చెంబు ముంచి దాని చేతిలో పెట్టాను. రుద్రమ్మ చెంబు వంక చూసింది, నా వంక చూసింది. మూతికంతా మన్ను అంటుకుని ఉంది.

"ఇదేనా అక్కా, దప్పికంటే?"

"అదే," అన్నాను. మెల్లగా తాగమన్నాను.